రాజీనామా ఉత్తరం

మా పాప బడిసంచిలో సుద్దముక్క వాసన తగిలితే సామర్లకోటలోని మా పిన్ని గుర్తుకొచ్చింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు, బాబాయి శివాలయంలో అర్చకుడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఇంగ్లండులో ఒక గుడివాళ్ళు బాబాయిని అర్చకత్వానికి పిలిచారు.

ఒక సాయంత్రం పిన్ని వరండాలో కూర్చుని రాజీనామా ఉత్తరం రాస్తోంది. పక్కనే నేను ఎక్కాలు రాసుకుంటున్నాను. బాబాయి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంకోసారి ఆలోచించుకో కామేశ్వరీ. ముందు నేనొక్కణ్ణే వెళ్తాను," అన్నాడు.

పిన్ని రాయడం ఆపింది. "మీకు అన్నం ఎవరు వండిపెడతారండీ?" అంది.

చిక్కంతా అన్నం దగ్గరే ఉందనుకున్నాను. "ఎసరు ఎంత పెట్టాలో నేను నేర్పిస్తాలే బాబాయ్," అన్నాను.

ఇద్దరూ నవ్వారు. నవ్వీ నవ్వీ పిన్నికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అంతగా నవ్వించానని నేను గర్వపడ్డాను. ఆ నవ్వులోనే బాబాయి లోపలికి వెళ్ళిపోయాడు. పిన్ని ఉత్తరం పూర్తిచేసింది.

ఇంగ్లండులో ఆవిడ పన్నెండేళ్ళు గుడి వంటింట్లో ప్రసాదాలు వండింది. మళ్ళీ పాఠం చెప్పలేదు. బాబాయి రెండోసారి అడిగుంటే ఆగిపోయేదేమోనని, నేనూ ఉద్యోగంలో ఉన్న ఈ రోజుల్లో అనిపిస్తుంది. అడిగే వీలు ఆ సాయంత్రం నేనే లేకుండా చేశాను.