దీవి మొత్తాన్నీ చూసిన నర్సమ్మ

మా దీవి ఆసుపత్రి నర్సమ్మ పోయింది. మంగళవారం పొద్దున నేను పప్పు కడుగుతుంటే మా అమ్మాయి స్కూలు నుంచి ఫోన్ చేసి చెప్పింది. కడిగిన పప్పునే మళ్ళీ కడిగాను. ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక మమ్మల్ని ఎవరు చూస్తారు?

మేముండేది ఆస్ట్రేలియాకు దూరంగా, సముద్రం మధ్యనున్న చిన్న దీవి. ఇక్కడి పనులు ఇక్కడివాళ్ళే చూసుకుంటారు. వాళ్ళు ఎన్నుకున్న సభే ఆసుపత్రిని నడుపుతుంది. ఆసుపత్రి అంటే నాలుగు మంచాలు. డాక్టర్లు కొన్ని నెలలుండి వెళ్ళిపోతారు. పెద్ద జబ్బయితే సిడ్నీ నుంచి విమానం రావాలి. మారకుండా ఉన్నది ఆవిడొక్కతే. ఈమధ్య ఒక కొత్త నర్సును తయారు చేసింది కానీ, ఆ అమ్మాయి మరీ చిన్నది.

నేను ఐదో తరగతితో ఆగిపోయాను. అమ్మాయికి ఇక్కడ టీచరు ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. సముద్రం మధ్యలో గుండె ఆగిపోతే ఎలా అని నర్సమ్మను అమ్మాయి చేత అడిగించాను.

"సిడ్నీలో ఆగితే మాత్రం బాగుంటుందా, అమ్మా?" అని నవ్వింది.

నేను పులిహోర పంపితే మిరపకాయలన్నీ ఏరి గిన్నెలో పెట్టి, "ఈ మాత్రలు ఎవరికి?" అని తిరిగి పంపేది.

ఈ దీవిలో ఎదురైన ప్రతి కారుకూ చెయ్యెత్తాలి, తెలిసినవాళ్ళయినా కాకపోయినా. నర్సమ్మ కారు నడుపుతూనే ఆ చేతులన్నీ చూసేది. ఒకరోజు గేటు దగ్గర నేను ఎడమ చెయ్యి ఎత్తాను. కుడి చెయ్యి పొద్దుటి నుంచీ బరువుగా ఉంది. చెబితే విమానం ఎక్కిస్తారని దాచాను. దాటిపోయిన కారు ఆగింది, వెనక్కి వచ్చింది.

"ఆ చెయ్యి కాదు. ఇంకో చెయ్యి," అంది. 'చెయ్యి' అన్న మాట అమ్మాయి దగ్గర నేర్చుకుంది.

"నో ప్రాబ్లెమ్," అన్నాను. నోరు సరిగా తిరగలేదు.

"మీ అమ్మ అబద్ధం కూడా వంకరగానే ఆడుతోంది, త్వరగా రా," అని అమ్మాయికి ఫోన్ చేసిందట.

డాక్టరు పక్షవాతమని, కంప్యూటరు తెర మీద సిడ్నీ డాక్టర్లతో మాట్లాడి విమానం పిలిపించాడు. రన్‌వే మీద మేస్తున్న ఆవుల్ని సభ పెద్దలే తోలారు. విమానం మెట్ల దాకా నర్సమ్మ నా చెయ్యి వదల్లేదు. "భయపడు, తప్పు లేదు. దాచకు. మీరు దాస్తే మేం గుడ్డివాళ్ళం," అంది. అమ్మాయి తెలుగులో చెప్పేలోపే నాకు అర్థమైంది. ఇది రాస్తున్నది ఆ కుడి చేత్తోనే.

ఇక్కడ ఎవరు పోయినా గొయ్యి ఊరివాళ్ళే తవ్వుతారు, వంతులవారీగా ఊరివాళ్ళే పూడుస్తారు. శుక్రవారం నర్సమ్మ గొయ్యి పూడ్చేటప్పుడు కొత్త నర్సు కూడా పార పట్టింది. పడవ నడిపే పెద్దాయన తన వంతు మధ్యలో ఆగి, దవడ పట్టుకుని నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని అందరూ తలలు దించుకున్నారు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. అంత చల్లగాలిలో ఆయన నుదురంతా చెమట. ఇది గుండె నొప్పేమో అనిపించినా, నాకెందుకులే, తప్పయితే నవ్విపోతారు అని ఒక్క క్షణం వెనకాడాను. తర్వాత అందరినీ తోసుకుంటూ వెళ్ళాను.

"హిమ్ నాట్ క్రయింగ్," అన్నాను ఆ నర్సు పిల్లతో. "యూ లుక్. నౌ."

ఆమె నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. పార నా చేతిలో పెట్టి పరుగెత్తింది. ఆయన్ని గడ్డి మీద కూర్చోబెట్టి, మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, పెదాలు కదుపుతూ నాడి చూస్తోంది. ఆ వేళ్ళకు అంటిన నర్సమ్మ సమాధి మట్టి ఇంకా తడిగానే ఉంది.