బాలి ఎడ్ల మెడ మీది కాయ

కారేపల్లి దగ్గరి తండాలో బాలి అంటే మొండిఘటం. పస్తులున్నా ఒకరి ముందు తల వంచదు. అలాంటి మనిషి ఆ పొద్దున కన్నీళ్లు మింగుకుంటూ ఎడ్లను సింగారించింది. నిరుడు మిరపతోట తెగులుకు పోయింది, ఎరువుల కొట్టు అప్పు మిగిలింది. కొట్టు యజమాని ఉదయ్ భాస్కర్ కోర్టుకెక్కి గెలిచాడు. ఇవాళ జప్తుకు కోర్టు అమీను వస్తున్నాడు. తొలకరి పడింది, ఎడ్లు పోతే దుక్కి ఎట్లా? ఆ ఘోరం చూడలేక మొగుడు జైరాం చేలోకి పోయి కూర్చున్నాడు.

గడప దాటే పశువును ఆడపిల్లను సాగనంపినట్టు పంపాలని అత్త నేర్పింది. అందుకని బాలి ఎడ్లకు బెల్లం తినిపించి, గజ్జెలు కట్టి, మెడల మీద అద్దాలు కుట్టిన గుడ్డలు కప్పింది. పిచ్చి తల్లి! ఆ సింగారమే కొంప ముంచబోయింది.

"చూశారా అమీను గారూ, ఇవి దున్నే ఎడ్లు కావు. ఊరేగింపులకు కిరాయికి తిప్పేవి. తోలించండి" అన్నాడు ఉదయ్ భాస్కర్.

అమీను వెంకటనారాయణ నెరిసిన మీసాల పెద్దమనిషి. ఒక ఎద్దు మెడ మీది గుడ్డ పైకెత్తాడు. మెడ మీద కాడి ఒరిసి ఒరిసి నల్లగా కాయ కాసింది. రెండోదానికీ అంతే.

"ఊరేగితే ఇంత కాయ కాస్తుందా అండీ? రైతు బతుకుదెరువుకు కావలసిన ఎడ్లు, నాగలి, విత్తనాలు జప్తు చేయకూడదని చట్టం. మీకూ తెలుసు. చూసింది చూసినట్టు కోర్టుకు రాస్తాను."

బాలికి నమ్మకం కుదరలేదు. "అంటే అప్పు పోయినట్టేనా సారూ?"

"అప్పు ఎక్కడికి పోతుంది తల్లీ? పండించి తీర్చాలి. పండించడానికేగా ఎడ్లను వదిలేది!"

"గీ మాట ఎప్పుడు రాసిండ్రు?"

"నూరేళ్లు దాటింది."

"యాడీ!" అంటూ అమ్మను తలుచుకుని నోటి మీద చెయ్యి వేసుకుంది బాలి. అత్త కూడా పుట్టని కాలంలో, ముక్కూ మొహం తెలియని ఎవరో రైతు ఇంట్లో విత్తనాల కుండ గురించి ఆలోచించారా! కోర్టంటే గుంజుకుపోయేదే అనుకుంది ఇన్నాళ్లూ. ఎంత వింత!

వాళ్లు వెళ్లగానే ఎడ్లను చేలోకి తోలింది. గజ్జెల చప్పుడు వినబడగానే, అప్పజెప్పడానికి తోలుకుపోతున్నారనుకుని జైరాం మోకాళ్లలో మొహం దాచుకున్నాడు. చప్పుడు దగ్గరికొచ్చి, పక్కనే ఆగింది.

"లెవ్వు, కాడెత్తు. మన ఎడ్ల ముచ్చట చట్టంల రాసి ఉన్నదంట" అంది బాలి.

జైరాం తలెత్తి చూశాడు. గజ్జెలు కూడా విప్పకుండా కాడి ఎత్తి ఎడ్ల మెడ మీద పెట్టాడు.