మన్నులో వేలు పెట్టి చూడమన్న పద్మక్క

నిన్న పొద్దున శ్రీకాంత్ ఫోన్ చేసి పద్మక్క పోయింది అన్నాడు.

"ఏ పద్మక్క?" అన్నాను.

నాకు తెలిసిన పద్మక్క ఒక్కతే. అయినా అడిగాను. ఇంకెవరో అయితే బాగుండని బుర్ర ఆ కాసేపు వెతుక్కుంది.

నిద్రలోనే హార్ట్ ఎటాక్ అట. మొన్న సాయంత్రం కూడా తార్నాకలో వాళ్ల బాల్కనీలో నిలబడి, కింద కుండీకి బైక్ తగిలించినవాణ్ని తిట్టిందట. అంత బాగుంది మనిషి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పద్మక్క క్యాంపస్ హాస్టల్‌లో నాకు సీనియర్. సబ్జెక్ట్ ఎకనామిక్స్. మా బ్యాచ్‌లో సగం మంది బాటనీ అనుకున్నారు. పీహెచ్‌డీ ఎంతకీ తెమలలేదు గానీ ఆమె కిటికీలో మొక్కలు మాత్రం ఏపుగా పెరిగాయి.

హాస్టల్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి, మొదటిసారి ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్లకి ఓ మొక్క ఇవ్వడం ఆమె అలవాటు.

ఊరికే ఇచ్చేది కాదు. ముందు పెళ్లిచూపులు ఉండేవి.

రూమ్‌కి వచ్చి మంచం మీద కూర్చునేది. కిటికీ ఏ దిక్కు, ఎండ ఎంతసేపు ఉంటుంది, పొద్దున ఎప్పుడు లేస్తావు, దసరాకి ఊరెళ్తే తాళం ఎవరి దగ్గర ఉంటుంది... పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని ఆరాలు తీయరు.

మతిమరుపు వాళ్లకి స్నేక్ ప్లాంట్. వెలుతురు తక్కువ ఉన్న రూమ్‌కి జీజీ ప్లాంట్. శ్రీకాంత్‌కి అప్పట్లో వారాసిగూడలో చీకటి రూమ్, పైగా నెలలో సగం టూర్లు. అయినా నాది కడియం పక్క ఊరండీ, నర్సరీల మధ్య పెరిగాను, నాకు గులాబీయే కావాలి అని పట్టుబట్టాడు.

"కారు నేర్సుకునేటోనికి ముందుగాల లారీ ఇస్తరా?" అంది అక్క.

జీజీ చేతిలో పెట్టి పంపింది. అది ఇప్పటికీ బతికే ఉంది. నువ్వు మర్చిపోవడమే దానికి ఎరువు అని వాణ్ని ఏడిపించేది.

నా ఇంటర్వ్యూలో నేను పెద్దగా పట్టించుకునే టైప్ కాదక్కా అని చెప్పి స్నేక్ ప్లాంట్ సంపాదించాను. అప్పుడు అది నిజమే అనుకున్నాను.

ఆ ఏడాది నెట్ ఎగ్జామ్ పోయింది. ఏడుపొచ్చినప్పుడల్లా దానికి ఓ మగ్గు నీళ్లు పోశాను. నా మనసు కాస్త తేలికయ్యేది. నన్ను చూసి జాలిపడి నా రూమ్మేట్ స్వప్న, నేను లేనప్పుడు ఇంకో మగ్గు పోసేది. టీ పొడి మొక్కలకి మంచిదని ఎక్కడో విన్నదట, మెస్‌లో మిగిలిన చాయ్ కూడా తెచ్చి పోసింది.

పాలూ చక్కెరతో సహా.

ముందు చీమలు వచ్చాయి. తర్వాత వాసన వచ్చింది. ఓ రోజు ఆకు పట్టుకుంటే ఉడికిన ముల్లంగిలా మెత్తగా చేతిలోకి ఊడి వచ్చేసింది.

అక్క చూడ్డానికి వచ్చింది. మన్ను వాసన చూసి, చాయ్ ఎవరు పోశారని అడిగింది. స్వప్న సీలింగ్ ఫ్యాన్ వైపు చూసింది.

తిట్లు ఖాయం అనుకున్నాను. అక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

"బాధైతే నా రూముకు రా. చాయ్ నువ్వు తాగు. దానికెందుకు తాపుతవ్? మన్నుల ఏలు పెట్టి సూడు. తడి తగిలితే మగ్గు కింద పెట్టు."

ఆ తర్వాత ఏడవాల్సినవన్నీ ఆమె రూమ్‌కే వెళ్లి ఏడ్చాను. చాయ్ మాత్రం ఘోరంగా పెట్టేది. బతికుండగా ఈ మాట అనే ధైర్యం నాకు లేదు.

స్నేక్ ప్లాంట్ మళ్లీ ఇవ్వలేదు. ఖాళీ పచ్చడి సీసాలో నీళ్లు నింపి, మనీ ప్లాంట్ తీగ ఒకటి వేసి ఇచ్చింది. ఇందులో నువ్వెన్ని నీళ్లు పోసినా మునిగేదేం లేదు అంది.

ఫుల్ డిమోషన్.

ఉద్యోగం వచ్చి తార్నాకలో వాళ్ల వెనక సందులోనే ఇల్లు తీసుకున్నా, నాది సీసా లెవెలే. నా వెనక వచ్చిన జూనియర్లందరికీ కుండీలు. పెళ్లయ్యాక మా ఆయన ఫస్ట్ రౌండ్‌లోనే సెలెక్ట్ అయ్యాడు. ఆయనకి కుండీ ఇస్తూ నన్ను చూపించి, "తమ్మీ, మగ్గు దీని చేతికియ్యకు" అంది.

ఎంత మండిందో నాకు. ఎలాగైనా ఆమె చేత్తో స్నేక్ ప్లాంట్ మళ్లీ తీసుకోవాలని పంతం పట్టాను.

ఈ వానాకాలంలో ఓ ఆదివారం తలుపు కొట్టింది. చేతిలో మట్టి కుండీ, అందులో స్నేక్ ప్లాంట్. కిటికీ అడగలేదు, తాళం అడగలేదు.

"ఇగ నీతోని అయితది" అని నా చేతిలో పెట్టింది.

అప్పట్లో మళ్లీ రాసి నెట్ పాసైనప్పుడు కూడా నేను అంత సంబరపడలేదు.

నిన్న వాళ్లింట్లో అందరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. బాల్కనీ నిండా మొక్కలు. వీటి సంగతి నాకేం తెలియదు, మీరే చూసుకోండి అని పద్మక్క చెల్లెలు ఏడుస్తూ అంది.

అందరం బాల్కనీ వైపు తిరిగాం. తర్వాత శ్రీకాంత్ మెల్లిగా స్వప్నని మీ కిటికీ ఏ దిక్కు అని అడిగాడు. స్వప్న వాణ్ని టూర్లు తగ్గాయా అని అడిగింది. వెనక నుంచి ఎవరో, దసరాకి తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నారు.

చావింట్లో అలా నవ్వకూడదు. నవ్వాం. ఆ వెంటనే అందరం కలిసి ఏడ్చాం.

ఇంటికొచ్చి తలస్నానం చేశాను. ఏం చేయాలో తోచలేదు. మగ్గు నింపుకుని కుండీ దగ్గరికి వెళ్లాను.

ముందు వేలు పెట్టి చూశాను.

తడిగానే ఉంది.

మగ్గు కింద పెట్టేశానక్కా.

వెళ్లిరా. ఎవరూ చక్కెర చాయ్ పోయని చోట నువ్వు ప్రశాంతంగా ఉండాలి.