ఎర్రదాని డెక్కలు

మొన్న స్నానం చేసి ఎండకు కూసుంటె మా మనుమరాలు గోర్లు తీసేది పట్టుకోని నా కాళ్ళకాడ కూసున్నది. నా బొటనవేలు గోరు ఈ మధ్య రాయి లెక్క మందమై పైకి వంకర తిరిగింది. పిల్ల ఒక్కపారే మొదలుదాక కొయ్యబోతె కాలు గుంజుకున్న. "జరంత జరంత తియ్యి బిడ్డా, నెలకింత. నెత్తురు చూడొద్దు" అన్న. అన్నంక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. డెబ్బై ఐదేండ్ల కింద ఒక సాయిబు మా గుర్రం కాలు పట్టుకోని అన్న మాట.

నేను గోపాల్‌పేట దిక్కు ఆ ఇంటికి కోడలిగ పోయినప్పుడు ఇంక సంస్థానాల రోజులే. మా మామకు చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు సన్నబడ్డదట. చేనేమో ఊరికి రెండు మైళ్ళు, గుట్ట అవతల. అందుకే ఆయనకొక ఆడగుర్రం ఉండె. ఎర్రగుంటది కాబట్టి దాని పేరు గుడ ఎర్రదే. పొద్దున దాన్ని అరుగుకాడికి తెస్తె అరుగు మీదికెళ్ళే ఎక్కి కూసునేటోడు. ఎక్కినంక ఆయనకు కాలు బాగలేదని ఎవ్వరికీ యాదికుండకపోయేది. గుర్రం మీద ఉన్నంతసేపు తాసిల్దారు లెక్క ఉండేటోడు, దిగితె మా అత్త మాట వినేటోడు. కోడళ్ళు మామల ముంగట నోరు తెరిచే రోజులు కావవి. నాకేమన్న చెప్పాలంటె, నేను మూరెడు దూరంల ఉన్నా సరే, ఆయన గోడ దిక్కు చూసి అత్తకు చెప్తుండె, "మీ కోడలికి చెప్పు, చారుల ఉప్పెక్కువైంది" అని. నేను విని గుడ, అత్త మళ్ళ చెప్పేదాక విననట్టే నిలవడాలె.

మా తల్లిగారింట్ల కొత్త జొన్నలు కల్లం నుంచి ఇల్లు చేరితె ముందుగాల ఎద్దులకు చెరొక చాటెడు పెట్టినంకనే మనుషులు గటక వండుకుందురు. ఎద్దులే తప్ప గుర్రం మొఖం చూసినోళ్ళం కాదు, దాని కడుపు సంగతి నాకేం తెల్సు? ఆ యేడు కొత్త జొన్నలొచ్చిన దినం అత్త ఎద్దులకు పెట్టింది, ఎర్రదానికి మాత్రం గడ్డే ఏసింది. అది మెడ చాపి చాట దిక్కు చూస్తుంటె నాకు పానం ఆగలె. అందరు కల్లంకాడికి పోయినంక ఒక చాటెడు పెట్టిన. తిని, నా భుజం మీద మూతి పెట్టి ఎచ్చగ ఊదింది. ఆ ఊదినందుకు ఇంగ రెండు చాటలు పెట్టిన.

రెండోనాటికి ఎర్రది ముందరి కాళ్ళు ముంగటికి చాపి, బరువంత ఎనక కాళ్ళ మీద ఏసి, నిప్పుల మీద నిలవడ్డట్టు నిలవడ్డది. డెక్కలు ముట్టుకుంటె పెనం లెక్క కాలుతున్నయి. ఒకరు దిష్టి అన్నరు, ఒకరు వాతమన్నరు. నేను నోరు తెరువలె. రెండు నెలలకు ఆ డెక్కలు పెరిగి కిర్రుచెప్పుల ముక్కు లెక్క పైకి లేసినయి. నీళ్ళ తొట్టిదాక పోవాలన్నా దానికి పెద్ద పయనమే. మామ అరుగు మీద కూసోని పొద్దంత గుట్ట దిక్కు చూస్తుండె. బండి కడ్తమంటె, మూట లెక్క చేనుకు రానన్నడు. పాపం మా అత్త, బలమొస్తదని దానికి దినాము ఉలవలు ఉడకబెట్టి పెడ్తుండె. పెట్టినకొద్ది అది ఇంకింత కుంటుతుండె.

పెబ్బేరు సంతల ఎద్దులకు, గుర్రాలకు డెక్కల కింద ఇనుప నాలలు కొట్టే ఒక గద్వాల సాయిబును పిలిపిచ్చిండ్రు. ఆయన డెక్క మీద ఏలు పెట్టి పైనుంచి కిందిదాక రాసి, కాళ్ళు పట్టకముందు ఏం తిన్నది అని అడిగిండు. గడ్డే అన్నరు అత్త, మామ ఇద్దరూ, వాళ్ళకు తెల్సింది అదే. గింజ కాకపోతె గట్టినేల మీద ఉరికిన దెబ్బనే, నాలలు కొడ్త, ఉలవలు పెట్టుండ్రి, నడిపియ్యుండ్రి అని సంచిలకెళ్ళి మొలలు తీసిండు. నేను తలుపెనక నిలవడి వింటున్న. చెప్తె ఆ ఇంట్ల నా బతుకేమైతదో తెల్వదు. చెప్పకపోతె ఎర్రది, దాని ఎంట మామ, ఇద్దరు కూలవడ్డట్టే.

"జొన్నలు తిన్నది. మూడు చాటలు. నేనే పెట్టిన" అన్న.

మామ ముంగట నా నోట్లకెళ్ళి వచ్చిన మొదటి మాట అదే. గింజ మించితె గుర్రానికి డెక్కలల్లకే దిగుతది అనుకుంట సాయిబు మొలలు మళ్ళ సంచిలేసుకున్నడు. మామ గోడ దిక్కు తిరిగిండు. "మీ కోడలికి చెప్పు," అన్నడు అత్తతోని, "సాయిబు చెక్కేటప్పుడు కాలు పట్టేది ఆమెనే."

గింజ బందయింది, వట్టి గడ్డే. కాళ్ళ కింద మెత్తగుండాలని కొట్టంల వాగు ఇసుక పోపిచ్చిండ్రు. సాయిబు నెలకొకపారి వచ్చి ముక్కు దిక్కు జరంత, మడమ దిక్కు జరంత కత్తితోని తీసి ఆకురాయితోని రాస్తుండె. ఒక్కపారే తీసి పారెయ్యరాదా అని మామ అంటె, "నెత్తురు చూసినమంటె అయిపాయె పటేలా. మంచి డెక్క పైనుంచే దిగాలె, నేను జాగ ఇస్త గంతే" అన్నడు. నా మోకాలు మీద డెక్క, నా ఈపు మీద దాని ఊపిరి. పైన కొత్త డెక్క, కింద చెడ్డది, నడుమ ఒక గీత. ఆ గీత నెలకు వడ్లగింజంత కిందికి జరుగుతుండె. మామ కట్టె పట్టుకోని వచ్చి గీత చూసి పోతుండె, నన్ను చూడకపోతుండె. ఒకపారి అత్త కొంగుల రొట్టె తునక దాసుకోని కొట్టంలకు వస్తె నేను అడ్డం పోయిన. "మూడు చాటలు పెట్టినదానివి, నా తునక రొట్టెకు లెక్క అడుగుతవా" అని మూతి ముడిసింది గని, తునక తానే తిన్నది.

మళ్ళ కొత్త జొన్నలొచ్చే దినాలకు గీత నేలకు దిగింది. సాయిబు ఆఖరి వంకర తీసి, ఎక్కు పటేలా అన్నడు. గుట్ట అవతలికి మెల్లగ పోయి, పగటిజాము వరకు తిరిగొచ్చిండు మామ. అరుగుకాడ దిగి, గోడ దిక్కు చూడలె.

"బిడ్డా, జర నీళ్ళు తే. ముందు దానికి, తర్వాత నాకు."

నేను అలవాటు కొద్ది అత్త దిక్కు చూసిన. "నన్నేం చూస్తవ్, నిన్నే అడిగిండు" అన్నది.

ఇప్పుడు ఎర్రది లేదు, వాళ్ళిద్దరూ లేరు. పిల్ల నా గోరు జరంత తీసి, ఇంతే చాలా అవ్వా అన్నది. చాలు, వచ్చే నెల మళ్ళ కూసుందమన్న. వంగి చూస్తె గోరు మొదట్ల కొత్తది సన్నగ తెల్లగ కనవడ్డది. చెడ్డ దినాలు గుడ ఒక్కనాడు పోవు. పైన మంచివి మొలుస్తుంటె, నెలకు వడ్లగింజంత కిందికి జరుగుతయి.