నజీబా కట్టని గుడ్డలు

కాయల కాలం దగ్గరపడుతోందంటే నజీబాకు తిండి సయించదు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే తంతు. తెల్లారగానే మొగుడు ముల్హిం కొక్కెం కర్ర భుజాన వేసుకుని పైన్ తోపులోకి పోతాడు. ఈవిడ మత్తే ఆకు టీ కెటిల్ పట్టుకుని వెనకాలే బయల్దేరుతుంది. టీ ఒక వంక మాత్రమే. కింద నిలబడి పైన కొమ్మలు కదులుతున్నాయో లేదో చూడాలి. కదులుతున్నంతసేపూ మనిషి ఉన్నట్టు లెక్క. కాసేపు కదలకపోతే ఈవిడ కెటిల్ కింద పెట్టేసి చెట్టు మొదట్లోకి పరుగెడుతుంది.

మా కొండల్లో పైన్ కాయలు దింపేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ ముల్హిం లాంటివాడు లేడని ఊరంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే ఆయనే ఒప్పిస్తాడు. తోపు నజీబాకు పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న దొరికిన మొక్కనల్లా తెచ్చి నాటేశాడు, ఒక్కటి పీకడానికి మనసొప్పలేదు. అవన్నీ ఎండ కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ సన్నగా, పొడుగ్గా లేచాయి. పైన గొడుగుల్లాంటి తలలన్నీ ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి. కాయలు చిన్నవి, గింజలు సగం తాలు.

ముల్హింకు మాత్రం ఆ ఇరుకే స్వర్గం. పొద్దున ఒక చెట్టెక్కితే మధ్యాహ్నం దాకా నేల ముట్టడు. పక్క చెట్టు కొమ్మను కొక్కెంతో లాక్కుని, అడుగు మార్చి, పైపైనే తోపంతా తిరిగేస్తాడు. తోపు చివర ఇరుకైన లోయ ఉంది. ఇటు ఒడ్డున ఉన్న మూడు చెట్ల కొమ్మలు అటు ఒడ్డు చెట్లతో లోయ మీదే కలుస్తాయి. ఆ దారిన అవతలికి దాటగలిగేది ఆయనొక్కడే. చుట్టాలు వస్తే ఊరివాళ్ళు తీసుకొచ్చి మరీ చూపిస్తారు. కింద అన్నీ బండలే.

పక్కింటి సల్మాన్ కూడా ఒకప్పుడు ఇలా చెట్లు దాటినవాడే. ఇప్పుడు గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉంటాడు, లేవలేడు. నజీబా రోజూ అతన్ని పలకరిస్తుంది. అతని కాళ్ళ మీది దుప్పటి వైపు మాత్రం చూడదు.

పోయినేడు కాయల కాలంలో ముల్హిం లోయ చెట్టు మీద ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అబూ రామిజ్!" అని అరిచింది నజీబా. పెద్దకొడుకు రామిజ్ పుట్టినప్పటి నుంచి ఆయన్ని అలా రామిజ్ తండ్రీ అనే పిలుస్తుంది, ఆయనకు ఈవిడ ఉమ్ రామిజ్, రామిజ్ తల్లి. పలుకు లేదు. మళ్ళీ అరిచింది. ఎంతసేపటికో పైనుంచి మాట వచ్చింది.

"ఒక సిగరెట్టయినా కాల్చుకోనివ్వవా మనిషిని!"

దిగాక ఆయన చొక్కా దులిపే వంకతో వాసన చూసింది. పొగ వాసన లేదు. ఆ రోజు నుంచి టీ గిన్నె అందించేటప్పుడు ఆయన వేళ్ళనే గమనిస్తోంది. వేళ్ళు వణుకుతున్నాయి. వాటిని దాచుకోవడానికి ఆయన కొక్కెం కర్రను పట్టుకునే కూర్చుంటున్నాడు.

ఈ ఏడాది వానలు మొదలవకముందే తోపు పలుచన చేయిస్తానని చెప్పేసింది.

"మీ నాన్న నాటిన చెట్లే! కొట్టించడానికి చేతులెలా వస్తాయే నీకు?"

"కాయలు గోళీల్లా ఉన్నాయి. ఎడం ఉంటే పిడికిలంత అవుతాయని వ్యవసాయం ఆఫీసు ఇంజినీరు చెప్పాడు."

"ఆ ఇంజినీరు ఎప్పుడైనా చెట్టెక్కాడా? వాడి చెప్పులు చూశావా, పెళ్ళికొడుకు చెప్పులు!"

"రేపు నిప్పంటుకుంటే? ఒక్కటి అంటుకుంటే చాలు, మొత్తం పోతాయి."

"ఇన్నేళ్ళూ అంటుకోని నిప్పు నీ నోట్లోంచే వచ్చేట్టుంది, ఉమ్ రామిజ్!"

అసలు కారణం ఆవిడ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం వస్తే ప్రతిదీ దిగి ఎక్కాల్సిందే, గాలిలో దాటడమనేది ఉండదు. ఆవిడకు కావలసింది అదొక్కటే. కానీ ముసలివాడివయ్యావని ముల్హిం మొహం మీద అనడం కంటే ఆయన్ని చెంపదెబ్బ కొట్టడం నయం.

చెట్లు కొట్టడానికి అడవి ఆఫీసు నుంచి అనుమతి వచ్చింది. అడవి గార్డు షుక్రీ వచ్చి గట్టిగా చెప్పి వెళ్ళాడు. "గుడ్డ కట్టిన చెట్టు మీదే రంపం పడాలి. గుడ్డ లేనిది కొడితే కేసు రాస్తాను. చుట్టరికం చూడను."

నజీబా పాత తెల్ల దుప్పటి చించి తోపంతా తిరుగుతూ గుడ్డలు కట్టింది. లోయ ఒడ్డుకు వచ్చేసరికి చెయ్యి రాలేదు. అన్నిటికంటే ముందు పోవలసినవి ఆ మూడు చెట్లే, ఆ సంగతి ఆవిడకు తెలుసు. కానీ అవి కూడా పోతే ముల్హిం ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరుగుతాడు? మిగిలిన గుడ్డలు ఒడిలో వేసుకుని వెనక్కి వచ్చేసింది. వస్తూ దారి పొడుగునా తన పిరికితనాన్ని తనే తిట్టుకుంది. చావు దారి ఒక్కటి వదిలేసి మిగతా దారులన్నీ మూస్తే ఏం లాభం?

కొట్టే రోజు రంపాల హానీ మనుషులతో దిగాడు. చెట్లు ఒక్కొక్కటే ఒరుగుతున్నాయి. పడిన కొమ్మల మీది కాయలు ఆడవాళ్ళు కూర్చుని కోసుకుంటున్నారు. ముల్హిం దూరంగా రాయి మీద కూర్చుని, విన్నవాళ్ళకూ విననివాళ్ళకూ పెళ్ళాం తెలివితక్కువతనం గురించి చెబుతున్నాడు.

లోయ వైపు నుంచి హానీ కేకేశాడు. "ఉమ్ రామిజ్! ఈ మూడూ కూడానా?"

"అవి కాదు! ముట్టుకోకు!" అంటూ పరుగెత్తింది.

"గుడ్డలున్నాయిగా మరి!"

మూడు చెట్లకూ గుడ్డలున్నాయి.  కలప కోసం ఎవరో దొంగతనంగా కట్టి ఉంటారు, ఇప్పుడు షుక్రీ కేసు రాస్తాడు, మొగుడు జన్మలో మాట్లాడడు అనుకుంది నజీబా. దగ్గరికి వెళ్ళి చూసింది. గుడ్డ నల్లది. ముతకది. అంచున తను మోకాలి దగ్గర మాసిక వేసిన ఆకుపచ్చ దారం ఇంకా వేలాడుతోంది. ముల్హిం తొడుక్కునే వదులు పైజామా, పాత షర్వాల్ అది. చెట్టెక్కేవాళ్ళు నడుము తాడుకు వేసే ముడి వేసి ఉంది. ఆ ఇంట్లో ఆ ముడి వేసే చెయ్యి ఒక్కటే. వేళ్ళు మాట వినక రెండు మూడుసార్లు విప్పి కట్టాడేమో, గుడ్డ బాగా నలిగిపోయి ఉంది.

కొట్టుడు చూసుకోవడానికి వచ్చిన షుక్రీ అనుమానంగా చూశాడు. "నీవన్నీ తెల్లవి కదా. ఇవెవరు కట్టారు?"

నజీబా రాయి వైపు చూసింది. ముల్హిం తల వంచుకుని కర్రతో నేల గీస్తున్నాడు.

"నేనే కట్టాను. దుప్పటి చాల్లేదు," అంది.

ఆ మాట చెవిన పడిందో లేదో ముల్హిం లేచి నిలబడ్డాడు. "చూశారా! ఆఖరికి లోయ చెట్లు కూడా వదల్లేదు! నా దారి మూసేసింది ఈ మనిషి!"

"అవునయ్యా, మూశాను. ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, ఇక గాడిదలా ఎక్కుతూ దిగుతూ చస్తాను!"

అందరూ నవ్వారు. నజీబా కూడా నవ్వింది, తలకు కట్టుకున్న మందీల్ అంచుతో కళ్ళు ఒత్తుకుంటూనే. రంపం మొదలైంది. మూడో చెట్టు పడ్డాక లోయ మీద ఆకాశం కనబడింది.

సాయంత్రం మనుషులంతా వెళ్ళిపోయాక ఆవిడ టీ గిన్నె అందించింది. ఈసారి ఆయన కర్ర పక్కన పెట్టి రెండు చేతులతో అందుకున్నాడు. గిన్నె వణికి టీ ఒలికింది. ఆవిడ ఆయన చేతుల కింద తన చెయ్యి పెట్టింది.

"పోయినేడు చెట్టు మీద నువ్వు సిగరెట్టు కాల్చలేదు," అంది.

ఆయన గిన్నెలో మిగిలిన టీ తాగేశాడు. తర్వాత లోయ వైపు చూస్తూ అన్నాడు. "కింద బండలు కనిపించాయే. అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు."

"నాకు పెళ్ళయినప్పటి నుంచీ కనిపిస్తూనే ఉన్నాయి," అంది నజీబా, గిన్నె మళ్ళీ నింపుతూ.