ఎదురు ఫ్లాట్ అబ్బాయి లండన్ ఓటు

దగ్గరకొచ్చి కూర్చోండి, ఒక అబ్బాయి సంగతి చెబుతాను. సింగపూర్ పుంగ్గోల్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేవాడు. లండన్‌లో చాలాకాలం ఉండి అక్కడి పాస్‌పోర్టు సంపాదించాడు. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో కంపెనీ వాడిని ఇక్కడికి పంపింది. ఇండియా నుంచి కొత్తగా ఎవరొచ్చినా చెయ్యి విదిలించి, "మనం వేరు ఆంటీ" అనేవాడు.

"నువ్వెలా వెళ్ళావురా లండన్‌కి?" అంటే నవ్వేసేవాడు.

ఆ ఏడు అక్కడ ఎన్నికలు. బయటివాళ్ళు వచ్చే రూల్స్ బిగిస్తామన్న పార్టీకి పోస్టులో ఓటు పంపాడు. వాళ్ళు ఓడిపోతారని టీవీలన్నీ చెప్పాయి. తీరా చూస్తే వాళ్ళే గెలిచారు. పొద్దున్నే మైసూర్‌పాక్ డబ్బాతో మా ఇంటికొచ్చాడు. వెనకే, గుంటూరు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన వాడి భార్య.

"మరి నేనో? నాది ఇండియా పాస్‌పోర్టేగా?" అంది ఆ పిల్ల.

"నువ్వు నా పెళ్ళానివే! ఆ రూల్స్ ఊరికే వచ్చిపడేవాళ్ళకి," అంటూ ఆమె నోట్లో ముక్క పెట్టాడు. ఆ పిల్ల నమలకుండా అలాగే నిలబడింది.

తర్వాత కంపెనీ వాడిని లండన్‌కి వెనక్కి పిలిచింది. జీతం ఇంత ఉంటేనే భార్యని తెచ్చుకోవాలని ఆ పార్టీ రూలు బిగించింది; వాడి జీతం దానికి చాలదని ఆ పిల్లకి వీసా ఇవ్వలేదు. పుట్టింటికి వెళ్ళిపోయే రోజు మా సోఫాలో కూర్చుని వాడికి ఫోన్ చేసింది.

"ఈసారి ఓటెవరికి వేస్తావు?"

స్పీకర్‌లో వాడి గొంతు వినబడింది.

"వాళ్ళకేలేవే. పన్ను తగ్గిస్తామంటున్నారు."

ఆ పిల్ల ఫోన్ పెట్టేసి సూట్‌కేసు జిప్పు లాగింది.

మీ ఇంట్లో ఎవరు ఏ నిర్ణయం చేసినా, పక్కనున్న మనిషి మొహం ఒకసారి చూసి చెయ్యాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.