చుక్కల ఘాటు

ఖమ్మం మిర్చి యార్డు ముందు బస్సు ఆగగానే ఘాటు ముక్కుకెక్కింది. వెంటనే తలెత్తి పైకి చూశాను. చిన్నప్పటి అలవాటు.

నేను మూడో తరగతిలో ఉండగా, తల్లాడ దగ్గర మా ఊరి బడికి సైన్సు బండి వచ్చింది. ఆవరణలో గాలి నింపి పెద్ద డేరా లేపారు. లోపల చీకట్లో చుక్కలు చూపిస్తారట, పెద్దవాళ్లూ రావచ్చట. మిరపకాయలు ఎండబోసిన కల్లం నుంచి అమ్మ అట్లాగే పరుగెత్తుకొచ్చి నా పక్కన కూర్చుంది.

తలుపు మూశారు. నెత్తి మీద చుక్కలు వెలిగాయి. కాసేపటికి నాకు తుమ్ము వచ్చింది. తర్వాత వెనకవాళ్లకు, చివరికి చుక్కల గురించి చెబుతున్న సారుకు కూడా.

"అమ్మా, చుక్కలు గింత ఘాటుగుంటయా?" అని చెవిలో అడిగాను.

అమ్మ కొంగు దులపబోయి ఆగింది. దాన్ని ముద్దగా చుట్టి ఒళ్లో దాచుకుంది.

"అవ్ బిడ్డా, గింత దగ్గరికొస్తే గట్లనే ఉంటది. నువ్వు పైకి చూడు."

ఆ ఘాటు అమ్మ కొంగుదని కొంచెం పెద్దయ్యాక తెలిసింది. బయటికి పొమ్మంటారేమోనని ఆమె భయపడిందనీ, ఆమెకూ చుక్కలు చూడాలని ఉండిందనీ తెలియడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.